మంచం కింద పట్టే స్టేషన్: మోడల్ రైలుకు మన ప్లాట్‌ఫారం కట్టుకోవడం ఎలా

మోడల్ రైళ్ల కోసం ఆన్‌లైన్‌లో దొరికే స్టేషన్ భవనాలు చాలావరకు జర్మనీవో ఇంగ్లండువో. ఏటవాలు పెంకుల కప్పు, పొగగొట్టం, కిటికీల కింద పూలతొట్టెలు. పనితనం గొప్పగా ఉంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది. కానీ వాటి ముందు మన ఎర్ర ఎల్‌హెచ్‌బీ (ఇప్పటి కొత్త రకం) బోగీని ఆపి చూడండి. పసుపు బోర్డు లేదు, రేకుల షెడ్డు లేదు, బస్తాలు లేవు, టీ కొట్టు లేదు. రైలు దారితప్పి వేరే ఊరికి వచ్చినట్టు ఉంటుంది. మన స్టేషన్ కావాలంటే మనమే కట్టుకోవాలి.

నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న చెక్క మీద ఒక లైను, ఒక ప్లాట్‌ఫారం, దాని మీద షెడ్డు, పేరు బోర్డు, దీపాలు ఎలా చేసుకోవాలో ఇక్కడ చెబుతాను. రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో ఉన్నా సరే, పని అయ్యాక మంచం కిందకు తోసేయవచ్చు. వాడే సామానులో ఎక్కువ భాగం ఇంట్లోనో, హైదరాబాద్ కోఠిలోనో, వీధి చివరి హార్డ్‌వేర్ షాపులోనో దొరుకుతుంది.

ముందు వెళ్లి చూడండి

కట్టర్ పట్టుకునే ముందు ఒక ఆదివారం ఉదయం మీకు దగ్గరి ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) స్టేషన్‌కు వెళ్లండి. సంజీవయ్య పార్క్, నెక్లెస్ రోడ్ లాంటి చిన్న స్టేషన్లు మొదటి మోడల్‌కు బాగుంటాయి. సికింద్రాబాద్‌నో, 1916 నాటి కాచిగూడ గుమ్మటాలనో మొదటే మొదలుపెడితే సగంలో వదిలేస్తారు. ప్లాట్‌ఫారం టికెట్ తీసుకోండి. రైల్వే వాళ్ల ఎన్‌టీఈఎస్ యాప్‌లో ఏ రైలు ఎప్పుడు వస్తుందో చూసుకుంటే రైలు ఆగి ఉన్నప్పుడు, లేనప్పుడు రెండు రకాల ఫోటోలూ తీసుకోవచ్చు. ఫోటోలు తీసే ముందు అక్కడి సిబ్బందిని ఒక మాట అడగండి. మోడల్ కోసమని చెబితే చాలామంది ఆసక్తిగా వింటారు.

పట్టాల మీదకు మాత్రం దిగకండి. మంచి ఫోటో కోసమైనా, కొలత కోసమైనా వద్దు. ప్రాణానికి ప్రమాదం, పైగా 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. షెడ్డు కప్పు పైనుంచి ఎలా ఉంటుందో చూడాలంటే ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కితే చాలు.

ఏం చూడాలి? షెడ్డు స్తంభం నేలలోకి దిగే చోట సిమెంటు దిమ్మె ఎంత ఎత్తుంది, రేకుల అంచు ఎంత బయటకు వచ్చింది, వాన నీటి పైపు ఎటు దిగుతోంది, బెంచీ కాళ్లు ఇనుమా సిమెంటా, తుప్పు ఎక్కడ మొదలైంది, పాన్ మరకలు ఏ మూలన ఉన్నాయి. మోడల్‌కు ప్రాణం ఇచ్చేది ఇవే. కొలతలకు టేపు అక్కర్లేదు. మీ వాళ్లను ఒకరిని స్తంభం పక్కన నిలబెట్టి ఫోటో తీయండి. వాళ్ల ఎత్తు మీకు తెలుసు కాబట్టి మిగతావన్నీ ఆ లెక్కన వచ్చేస్తాయి. దూరంగా నిలబడి, ఫోన్ నిటారుగా పట్టుకుని తీస్తే గీతలు వంకర పోవు.

ఈ ఫోటోలను తేదీతో సహా దాచుకోండి. సికింద్రాబాద్ స్టేషన్ పాత ముఖభాగాన్ని కొత్త నిర్మాణం కోసం 2025లో కూల్చేశారు. రోజూ ఆ ముందు నుంచే వెళ్లిన వాళ్లం ఎన్నో ఏళ్లు చూశాం, కానీ ఒక మూల నుంచి ఇంకో మూలకు ఎన్ని కిటికీలు ఉండేవో ఇప్పుడు నన్నడిగితే చెప్పలేను. ఆ బాధతోనే ఇప్పుడు ఏ చిన్న స్టేషన్‌కు వెళ్లినా నాలుగు వైపులా ఫోటోలు తీసుకుంటున్నాను.

స్కేలు లెక్క

హెచ్‌ఓ అనే స్కేలులో మొదలుపెట్టండి. అంటే అసలు వస్తువును 87తో భాగించడం. ఒక మీటరు మోడల్‌లో 11.5 మి.మీ. అవుతుంది. ఈ ఒక్క అంకె గోడ మీద రాసి పెట్టుకోండి. 165 సెంటీమీటర్ల మనిషి 19 మి.మీ. అవుతాడు. 23.54 మీటర్ల ఎల్‌హెచ్‌బీ బోగీ 270 మి.మీ., డబ్ల్యూఏపీ-7 ఇంజన్ 236 మి.మీ. వస్తాయి. మన నాలుగడుగుల చెక్క సుమారు 1220 మి.మీ. కాబట్టి ఒక ఇంజన్, మూడు బోగీలు సరిగ్గా పడతాయి. 22 బోగీల రైలు పూర్తిగా పెట్టాలంటే ఆరు మీటర్ల పైనే కావాలి. మన హాళ్లలో అంత జాగా ఉండదు.

ఒక విషయం ముందే తెలిసి ఉండాలి. హెచ్‌ఓ ట్రాక్ వెడల్పు 16.5 మి.మీ. అది విదేశాల్లోని 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్‌కు సరిపోయే కొలత. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ. లెక్క ప్రకారం అది 19.3 మి.మీ. కావాలి. అంటే బజార్లో దొరికే ట్రాక్ మీద మన రైలు నిలబెడితే పట్టాలు కాస్త దగ్గరగా ఉన్నట్టే. దీని గురించి టెన్షన్ పడకండి. పక్క నుంచి చూసేటప్పుడు తెలియదు, ట్రాక్ సొంతంగా చేసుకోవడం మొదటి మోడల్‌కు పెట్టుకోవలసిన పని కాదు. అంగుళం కూడా తేడా రాకూడదనుకునే వాళ్లకు హైదరాబాద్‌లోనే ఒక దారి ఉంది. మన మెట్రో నడిచేది 1435 మి.మీ. గేజ్ మీదే. మెట్రో మోడల్ చేస్తే హెచ్‌ఓ ట్రాక్ అచ్చంగా సరిపోతుంది.

చెక్క, ట్రాక్

కార్పెంటర్ దగ్గర మిగిలిపోయిన 9 మి.మీ. ప్లైవుడ్ ముక్క అడగండి. కింద నిలువుగా రెండు రీపర్లు కొట్టించండి, లేకపోతే మొదటి వానాకాలానికే వంగుతుంది. అంచులతో సహా అన్ని వైపులా ప్రైమర్ వేయండి. ప్లైవుడ్ చెమ్మ పీల్చేది ఎక్కువగా అంచుల నుంచే.

రైలు వెనక, ప్లాట్‌ఫారం ముందు వచ్చేలా గీసుకోండి. చాలామంది దీన్ని తిరగేసి పెడతారు. రైలు రాగానే కష్టపడి చేసిందంతా దాని వెనక దాగిపోతుంది.

ట్రాక్ కింద 3 మి.మీ. కార్క్ షీటు అతికిస్తే చప్పుడు తగ్గుతుంది, కంకర గట్టు కూడా వస్తుంది. స్లీపర్లు (పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెలు) ముదురు గోధుమ రంగులో, కొయ్యలా కనిపిస్తుంటే లేత బూడిద రంగు వేయండి. మన లైన్లలో ఇప్పుడు సిమెంటు స్లీపర్లే. పట్టాల పక్కలకు తుప్పు రంగు వేసి, పైభాగం మాత్రం వెంటనే తుడిచేయండి. రంగు ఎండిపోతే కరెంటు అందదు.

ప్లాట్‌ఫారం

మన ఎత్తు ప్లాట్‌ఫారాలు పట్టా పైభాగం నుంచి 760 నుంచి 840 మి.మీ. వరకు ఉంటాయి. మోడల్‌లో అది 9 మి.మీ. అనుకోండి. ఇది పట్టా పైనుంచి కొలిచే ఎత్తని మర్చిపోకండి. మీ ట్రాక్‌ను చెక్క మీద పెట్టి పట్టా పైభాగం ఎంత ఎత్తులో ఉందో చూడండి. నాకు కార్క్‌తో కలిపి 8 మి.మీ. వచ్చింది, మొత్తం 17. రెండు 5 మి.మీ. సన్‌బోర్డులు (తేలికపాటి ప్లాస్టిక్ ఫోమ్ షీట్లు), రెండు 3 మి.మీ. సన్‌బోర్డులు, పైన 1 మి.మీ. అట్ట పెడితే లెక్క కుదిరింది.

సన్‌బోర్డు కోసేటప్పుడు స్టీల్ స్కేలు ఆనించి, కట్టర్‌తో మెల్లగా నాలుగైదు సార్లు గీయండి. ఒకే దెబ్బకు తెగాలని నొక్కితే అంచు వాలిపోతుంది, వేలూ తెగుతుంది. బ్లేడు మొద్దుబారగానే ముక్క విరిచేయండి. సన్‌బోర్డుకు సన్‌బోర్డు అతికించడానికి ఫెవిక్విక్ చాలు. మామూలు తెల్ల ఫెవికాల్ దాని నున్నటి ఉపరితలానికి సరిగ్గా పట్టదు. థర్మోకోల్ మాత్రం ఈ పనికి వాడకండి. ఫెవిక్విక్ పడినా, స్ప్రే పెయింట్ పడినా అది కరిగి గుంతలు పడుతుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ట్రాక్ మధ్య గీత నుంచి ప్లాట్‌ఫారం అంచు ఎంత దూరం ఉండాలి? మన బోగీ మోడల్‌లో 37 మి.మీ. వెడల్పు, సగం అంటే పద్దెనిమిదిన్నర. నేను మొదటిసారి పందొమ్మిది దగ్గర అంచు అతికించేశాను. చేత్తో తోసినప్పుడు బాగానే వెళ్లింది. కరెంటు ఇచ్చి నడిపితే బోగీ కొద్దిగా ఊగి, తలుపు కింది మెట్లు గీసుకుపోయి, రెండో బోగీ పట్టా దిగింది. అంచంతా ఊడదీసి మళ్లీ చేయాల్సి వచ్చింది. 21 మి.మీ. పెట్టండి. అతికించే ముందు మీ దగ్గరున్న అన్నిటికంటే పొడవైన బోగీని ఈ చివరి నుంచి ఆ చివరికి మూడు నాలుగు సార్లు నడిపి చూడండి. లైను వంపు తిరిగే చోట ప్లాట్‌ఫారం కడితే ఇంకా ఎక్కువ ఖాళీ కావాలి. వంపులో బోగీ నడుము లోపలికి, చివరలు బయటికి వస్తాయి.

పైన వేసే అట్ట మీద బండల గీతలు గీయడం నాకు ఎంతో ఇష్టమైన పని. పాత ప్లాట్‌ఫారాల మీద పరిచిన షాబాద్, తాండూరు బండలు గుర్తున్నాయి కదా. రెండడుగుల బండ మోడల్‌లో 7 మి.మీ. అవుతుంది. సిరా అయిపోయిన బాల్‌పెన్‌తో గట్టిగా నొక్కుతూ గీతలు గీయండి. మొత్తానికి లేత బూడిద రంగు వేసి, ఆరాక అక్కడక్కడా ఒక్కో బండకు కొంచెం నీలం, కొంచెం పసుపు కలిపిన బూడిద వేయండి. ఏ రెండు బండలూ ఒకేలా ఉండకూడదు. చివరగా బాగా నీళ్లు కలిపిన నల్ల రంగు పులిమి వెంటనే గుడ్డతో తుడిస్తే గీతల్లో మురికి మిగులుతుంది. అంచుకు దగ్గరగా పసుపు గీత వేయడానికి రెండు వైపులా మాస్కింగ్ టేపు వేసుకోండి.

రేకుల షెడ్డు

దీనికి బిర్యానీ పార్శిల్‌తో వచ్చే అల్యూమినియం డబ్బా కావాలి. అడుగు భాగం సమంగా ఉన్నది చూసి, కడిగి, కత్తెరతో కోసుకోండి. అసలు ముడతల రేకులో ఒక మడతకూ ఇంకో మడతకూ మధ్య సుమారు 76 మి.మీ. ఉంటుంది, అంటే మోడల్‌లో 0.9 మి.మీ. లోపు. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎం-5 త్రెడ్ రాడ్ (ఒంటి నిండా మరలున్న 5 మి.మీ. ఇనుప కడ్డీ) మరల మధ్య దూరం 0.8 మి.మీ. రెండూ దాదాపు ఒకటే! రేకును పాత మౌస్ ప్యాడ్ మీద పరిచి, ఆ రాడ్‌ను చపాతీ కర్రలా నొక్కుతూ ఒక్కసారి ముందుకు దొర్లించండి. వెనక్కి దొర్లించకండి, గీతలు రెండుగా పడతాయి. మర తిరుగుడు వల్ల గీతలు కాస్త ఏటవాలుగా వస్తాయి. అందుకే రేకును ముందే కొలతకు కోయకూడదు. గీతలు పడ్డాక వాటి వెంబడే స్కేలు పెట్టి, 10 మి.మీ. వెడల్పు, 34 మి.మీ. పొడవు ముక్కలుగా కోయండి. ఇది మూడు మీటర్ల రేకు లెక్క.

స్తంభాలకు ట్రాక్ కోయగా మిగిలిన పట్టా ముక్కలు వాడండి. పాత పట్టాలను షెడ్డు స్తంభాలుగా, కంచె గుంజలుగా నిలబెట్టడం మన రైల్వేలో ఎప్పటినుంచో ఉన్న అలవాటే. కొలతలో కాస్త లావుగా ఉన్నా కంటికి అచ్చంగా అదే అనిపిస్తుంది. స్తంభానికీ స్తంభానికీ మధ్య 60 మి.మీ. వదిలి, అడుగున సన్‌బోర్డుతో చిన్న దిమ్మె పెట్టండి. పైన అగ్గిపుల్లలంత సన్నటి దూలాలు వేసి, రేకులు ఒకదాని మీద ఒకటి మిల్లీమీటరు ఎక్కేలా రబ్బరు గమ్‌తో అతికించండి.

మెరిసే అల్యూమినియం అలాగే వదిలితే బొమ్మలా ఉంటుంది. ముందు మెటల్ ప్రైమర్, తర్వాత మాసిపోయిన తెలుపు, ఆ తర్వాత పొడి బ్రష్‌తో అంచుల దగ్గర తుప్పు రంగు. స్ప్రే వాడేట్టయితే ఉదయం ఏడింటి లోపు బాల్కనీలో కొట్టండి. ఎండాకాలం మధ్యాహ్నం కొడితే మన వేడికి రంగు రేకు మీద పడేలోపే ఆరి, ఇసుకలా గరుకుగా కూర్చుంటుంది. ఒకటో రెండో రేకులు మిగతా వాటికంటే కొత్తగా కనిపించేలా వదిలేయండి. నిజమైన షెడ్డులో కూడా పాడైన రేకునే మారుస్తారు కదా.

పేరు బోర్డు

పసుపు మీద నల్ల అక్షరాలు. వరుస ముఖ్యం: ముందు తెలుగు, తర్వాత హిందీ, తర్వాత ఇంగ్లిష్. మన ఊళ్లో చాలా బోర్డుల మీద ఉర్దూ కూడా ఉంటుంది, దాన్ని వదిలేయకండి. అది లేకపోతే హైదరాబాద్ అనిపించదు. ఫోటో చూసి కంప్యూటర్‌లో బోర్డు తయారు చేసి, జిరాక్స్ షాపులో లేజర్ ప్రింట్ తీయించండి. ఇంక్‌జెట్ ప్రింట్ వార్నిష్ తగలగానే అలుక్కుపోవచ్చు. ఒకే షీటు మీద కొద్దిపాటి తేడాలతో నాలుగైదు సైజులు వేయించి, షెడ్డు పక్కన పెట్టి ఏది నప్పుతుందో చూసి ఎంచుకోండి. కోసిన కాగితం అంచు తెల్లగా మెరుస్తుంది, దాని మీద పసుపు స్కెచ్ పెన్ ఒకసారి తిప్పండి. నేను మొట్టమొదట చేసిన బోర్డు సీతాఫల్‌మండిది. ఇప్పటికీ నా బల్ల మీద ఉంది.

కంకర

ఈ పనికి ఓపిక కావాలి. మన లైన్లలో వేసే కంకర రాళ్లు 65 మి.మీ. నుంచి 20 మి.మీ. వరకు ఉంటాయి. అంటే మోడల్‌లో ముప్పావు మిల్లీమీటరుకు మించకూడదు. ఇల్లు కట్టే చోట గుప్పెడు రోబో శాండ్ అడగండి. రాయిని క్రషర్‌లో పగలగొట్టి చేసినది కాబట్టి దాని నలుసులకు పదునైన అంచులుంటాయి, అసలు కంకరలాగే. ఏటి ఇసుక గుండ్రంగా ఉంటుంది, నప్పదు. టీ వడగట్టే జాలి గుండా జల్లించి, దిగినదాన్ని పల్చటి నైలాన్ గుడ్డలో వేసి మళ్లీ జల్లించండి. దుమ్ము కిందకు పోయి కావలసిన సైజు పైన మిగులుతుంది. కడిగి, ఎండబెట్టి, చివర్లో కాగితంలో చుట్టిన అయస్కాంతం దాని మీదుగా తిప్పండి. అందులో ఇనుప రజను ఉంటే ఇంజన్ మోటారులోకి ఎక్కి దాన్ని పాడుచేస్తుంది. ఈ ఒక్క పని ఎప్పుడూ మానకండి.

ట్రాక్ మీద చెంచాతో పోసి, మెత్తటి బ్రష్‌తో స్లీపర్ల మధ్యకు నెట్టండి. స్లీపర్ల పైభాగం కనిపించాలి, పట్టా లోపలి అంచున ఒక్క నలుసు కూడా ఉండకూడదు. స్ప్రే బాటిల్‌తో సన్నటి నీటి తుంపర కొట్టి తడపండి. తర్వాత ఒక వంతు ఫెవికాల్‌కు రెండు వంతుల నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, సూది తీసేసిన సిరంజితో చుక్కలు చుక్కలుగా వదలండి. లిక్విడ్ లేకపోతే ఆ నీళ్లు కంకర మీదే ముత్యాల్లా నిలబడి, నలుసులను చెదరగొడతాయి. తెల్లగా కనిపించినా కంగారు పడకండి, ఆరితే పోతుంది. ఒక రాత్రంతా ముట్టుకోకండి. పొద్దున పట్టాల మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి.

బస్తాలు, మనుషులు, చెట్లు

ఎం-సీల్ కలిపి, చిన్న ముద్దలు తీసి దిండులా నొక్కి, అది గట్టిపడే లోపు పైన బ్యాండేజీ గుడ్డ అద్దండి. గోనె నేత అచ్చు పడుతుంది. గోధుమ రంగు వేస్తే పార్శిల్ బస్తాలు తయారు.

మనుషుల బొమ్మలు రంగు వేయనివి 1:87 సైజులో దొరుకుతాయి. విదేశీ కోట్లు, టోపీలు ఉంటాయి. టోపీ అంచు గోకేసి, టిష్యూ పేపర్ ముక్కను ఫెవికాల్ నీళ్లలో ముంచి భుజం మీదుగా వేస్తే పైట కొంగు అవుతుంది. ఎర్ర చొక్కా వేస్తే కూలీ. అందరినీ వరసగా నిలబెట్టకండి. బోగీ తలుపుల దగ్గర గుంపు, బెంచీ మీద ఒకరు, స్తంభానికి ఆనుకుని ఒకరు, అలా ఉండనివ్వండి.

చెట్టుకు పాత రాగి వైరు పోగులు మెలిపెట్టి కొమ్మలు చేసి, ఎండిన బీరకాయ పీచు అతికించి, ఆకుపచ్చ రంగు వేసిన రంపపు పొట్టు చల్లండి. వేప చెట్టు ఒక్కటి చాలు.

దీపాలు

కోఠి గుజరాతీ గల్లీలో 12 వోల్టుల అడాప్టర్, చిన్న వార్మ్ వైట్ ఎల్‌ఈడీలు, 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు తీసుకోండి. ఒక్కో ఎల్‌ఈడీకి ఒక్కో రెసిస్టర్. చాలామంది 1 కిలో ఓమ్ వాడమంటారు. వెలుగుతుంది, కానీ స్టేషన్ పెళ్లి మండపంలా మెరిసిపోతుంది. సుమారు 2 మిల్లీ ఆంపియర్ల కరెంటు చాలు, రాత్రి పదకొండు గంటల ప్లాట్‌ఫారంలా మసకగా వెలుగుతుంది. స్తంభానికి సన్నటి అగరుబత్తి పుల్ల, దాని వెంట ఎనామిల్ వైరు (పూత వేసిన సన్నటి రాగి తీగ), మొత్తం ఎత్తు 69 మి.మీ. ఈ దీపాల అడాప్టర్‌ను రైలు నడిపే కంట్రోలర్‌తో కలపకండి. కలిపితే రైలు వేగం మారినప్పుడల్లా దీపాలు ఎగసి తగ్గుతాయి.

సిగ్నల్ కూడా పెట్టాలనుకుంటే, నాలుగు దీపాల సిగ్నల్‌లో పైనుంచి కిందికి వరుస పసుపు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఎరుపు అన్నిటికంటే కింద ఉంటుంది. రోడ్డు మీది ట్రాఫిక్ లైటు గుర్తులో ఉండి చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు.

అన్నీ అతికాక గదిలో లైటు ఆపి, స్టేషన్ దీపాలు మాత్రం వేసి, ఇంజన్‌ను వీలైనంత నెమ్మదిగా తీసుకురండి. కళ్లు ప్లాట్‌ఫారం ఎత్తుకు వచ్చేలా నేల మీద కూర్చోండి. షెడ్డు కింద ఎక్కడైనా సందులోంచి వెలుతురు కారుతుంటే ఇప్పుడే కనిపిస్తుంది. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని మర్నాడు లోపలి వైపు నల్ల రంగు వేయండి. మంచం కిందకు తోసే ముందు పాత దుప్పటి కాకుండా, నూలు రాలని పలచటి ప్లాస్టిక్ షీటు కప్పండి. దుప్పటి పోగులు ఇరుసులకు చుట్టుకుంటాయి.